డాక్టర్ సలహా: అందరూ ఏడ్చారు, నాకే కన్నీళ్లు రాలేదు... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన ఆదివారం రాత్రి రూమ్‌లో నలుగురం కలిసి ‘యువర్ లై ఇన్ ఏప్రిల్’ అనే జపాన్ యానిమే సిరీస్ చివరి ఎపిసోడ్ చూశాం. మిగతా ముగ్గురూ వెక్కివెక్కి ఏడ్చారు. ఒకడైతే బాత్రూమ్‌లోకి వెళ్లి అరగంట దాకా బయటికి రాలేదు. నాకు ఒక్క చుక్క రాలేదు. ‘నువ్వు బండరాయివిరా’ అన్నారు. అందులో పియానో వాయించే అబ్బాయికి తన పియానో తనకే వినిపించని సీన్లు మాత్రం మూడు నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను, ఎందుకో తెలీదు. నిజానికి ఏడాదిగా నాకు దేనికీ ఏడుపు రావడం లేదు. నాన్నగారు పోయి 14 నెలలైంది. అప్పట్లో నిద్ర పట్టకపోతే మా ఊరి డాక్టర్ గారు ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిసిన మాత్ర రాత్రిపూట ఒకటి చొప్పున నెల రోజులకు రాశారు. బాగుందని వాడుతూనే ఉన్నాను. దానివల్లే ఏడుపు రాదని ఫ్రెండ్ చెబితే ఆ రాత్రి నుంచే మానేశాను. ఇవాళ్టికి ఆరు రోజులు. ఏడుపైతే రాలేదు గానీ, తల తిప్పితే లోపల షాక్ కొట్టినట్టు జిల్లుమంటోంది. నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి. ఇది ఆ ఎపిసోడ్ ప్రభావమేనా? కన్నీటి గ్రంథులకు పరీక్షలేమైనా ఉన్నాయా?

జవాబు: ఎపిసోడ్ సంగతి తర్వాత. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది చివరి వాక్యాలు. ఏడాదికి పైగా రోజూ వేసుకున్న మాత్రను ఒక్క రాత్రిలో ఆపేశారు, ఆరు రోజులకు చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు. దీన్ని మీరు కార్టూన్ ఖాతాలో రాస్తున్నారు. నేనైతే మాత్ర ఖాతాలో రాస్తాను. మిమ్మల్ని చూడకుండా, బీపీ కూడా కొలవకుండా చెబుతున్న మాట కాబట్టి దీన్నే నిర్ధారణ అనుకోకండి. కానీ ఓపీలో నా ఎదురుగా కూర్చుని ఇదే చెప్పి ఉంటే మిమ్మల్ని ఊరికే పంపించేవాణ్ని కాదు.

మీరు వాడింది ఒక మాత్రే, కానీ అందులో మందులు రెండు. ఎస్సిటలోప్రామ్ దిగులుకూ ఆందోళనకూ ఇచ్చేది. అలవాటైన శరీరానికి అది హఠాత్తుగా అందకపోతే తల తిరగడం, వికారం, చిరాకు, మీరు చెప్పిన ఆ ‘షాక్’... ఇవన్నీ రావచ్చు. ఇబ్బందే, అయితే మామూలుగా ప్రాణం మీదకు రాదు. రెండోది క్లోనజెపామ్. నా భయమంతా దాంతోనే. అది ఆల్ప్రజోలామ్, డయజెపామ్‌ల జాతి మందు. కొన్ని వారాలు వాడినా చాలు, మెదడు దానికి అలవాటుపడుతుంది, మీరు ఏడాది దాటించారు. అలాంటి మందును గబుక్కున ఆపితే వణుకు, చెమటలు, గుండెదడ రావచ్చు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. పైగా ఇది ఒంట్లోంచి నెమ్మదిగా పోయే మందు. అందుకే ఆపిన మర్నాడు హాయిగా ఉండి, నాలుగో రోజో ఆరో రోజో మొదలవుతుంది. అప్పటికి మనిషి మాత్ర సంగతే మర్చిపోయి, బిర్యానీ పడలేదనో సినిమా ప్రభావమనో అనుకుంటాడు.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట కార్తీక మాసంలో ఒకావిడను ఫిట్స్‌తో తీసుకొచ్చారు. అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ లేవు. స్కాన్ తీశాం, షుగర్ చూశాం, సోడియం చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి కోడలు అంది, ‘ఉపవాసాలని మందులన్నీ పక్కన పెట్టేసిందండీ’ అని. ఆ ‘మందుల్లో’ ఏళ్ల తరబడి వేసుకుంటున్న నిద్రమాత్ర ఒకటుంది. ఆవిడ దృష్టిలో అది మందే కాదు, ‘నిద్రకు చిన్న గోళీ’. కోడలు సంచిలోంచి తీసి చూపించింది. కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్క, రెండు మాత్రలు, పేరులో సగమే మిగిలింది. ఆ ముక్క చూపిస్తే షాపులో మరో పది ఇచ్చేసేవారట. మీక్కూడా అలాగే దొరికి ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందని స్ట్రిప్ వెనక అచ్చు వేసే ఉంటుంది. అమ్మేవాళ్లూ చదవరు, కొనేవాళ్లూ చదవరు. మీరు చదువుకున్నవారు, నెలకని రాస్తే 14 నెలలు వాడారు! ఆ డాక్టర్ గారి దగ్గరికి రెండోసారి వెళ్లారా? వెళ్లలేదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. మొదలుపెట్టడానికి డాక్టర్ కావాలి, కొనసాగించడానికి మెడికల్ షాపు చాలు, మానడానికి ఫ్రెండ్ చాలా?

సరే, తిట్టింది చాలు. ఇప్పుడేం చేయాలి? వీలైతే ఇవాళే, లేదంటే రేపు పొద్దున్నే ఒక సైకియాట్రిస్ట్‌ను కలవండి, అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ఫిజీషియన్‌నైనా. చాలాసార్లు మేం పాత డోసే మళ్లీ మొదలుపెట్టి, వారాలూ నెలలూ తీసుకుని మెల్లగా తగ్గిస్తాం. మీ విషయంలో అదే చేయాలా, ఎంత వేగంగా తగ్గించాలి అన్నది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే తేల్చాలి, నేను ఇక్కణ్నుంచి చెప్పకూడదు. మీరే మాత్రను సగానికి విరిచి వేసుకోవడం మొదలుపెట్టకండి. కలిపిన మాత్రను విరిస్తే రెండు మందులూ ఒకేసారి సగమవుతాయి. ఒక్కొక్కదాన్ని దాని లెక్క ప్రకారం దించాలంటే విడివిడి మాత్రలకు మార్చి రాయాల్సి రావచ్చు. ‘ఆరు రోజులు వేసుకోలేదు కదా’ అని రెండేసి మింగడం అంతకన్నా పొరపాటు. డాక్టర్‌ను కలిసే దాకా బైక్ తీయొద్దు. వీకెండ్ కదా అని బీర్ కూడా వద్దు. ఒంటరిగా పడుకోకండి, రూమ్‌మేట్స్‌కు విషయం చెప్పండి. ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, లేనిది కనిపిస్తున్నా, ఒళ్లు తెలియని కంగారు పుట్టినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయించండి. చచ్చిపోవాలనే ఆలోచన ఏ మూల మెదిలినా అంతే. మాట్లాడటానికి మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక కన్నీళ్లు. మీ ఫ్రెండ్ చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు వాడేవాళ్లలో కొంతమందికి మనసు మొద్దుబారినట్టు ఉంటుంది. ‘ఏడుపు లేదు, నవ్వూ లేదు, అంతా దూదిలో చుట్టినట్టుంది సార్’ అని మా పేషెంట్లు చెబుతుంటారు. లైంగిక కోరికలు తగ్గడం కూడా ఈ మందుతో మామూలే, డాక్టర్‌తో చెప్పడానికి సిగ్గుపడకండి. డోసు తగ్గించినా, మందు మార్చినా చాలామందికి సర్దుకుంటుంది. చిక్కేమిటంటే, డిప్రెషన్ కూడా మనిషిని అచ్చం ఇలాగే చేస్తుంది. మందు వల్లా, జబ్బు వల్లా అన్నది ఎదురుగా కూర్చోబెట్టి అడిగితేగానీ తేలదు. పనిలో పనిగా థైరాయిడ్, బీ12 చూడమంటారేమో, చేయించుకోండి. కన్నీటి గ్రంథులకు పరీక్ష అక్కర్లేదు. ఉల్లిపాయ తరిగితే నీళ్లొస్తున్నాయా? వస్తే గ్రంథులు బాగున్నట్టే.

నలుగురిలో ముగ్గురు ఏడవడం కూడా పెద్ద లెక్కేం కాదు. ఒకరు మొదలుపెడితే పక్కవాళ్లకూ వస్తుంది, చావు ఇళ్లల్లో చూస్తూనే ఉంటాం. కొందరు ఆ పూట రాయిలా కూర్చుని పదకొండో రోజు భోజనాల దగ్గర ఎవరో పప్పు వడ్డిస్తుంటే భోరుమంటారు.

ఆ సిరీస్ నాకు తెలుసు, మా అమ్మాయి పుణ్యమా అని. 2014 అక్టోబర్ నుంచి 2015 మార్చి దాకా జపాన్ టీవీలో వచ్చింది, 22 ఎపిసోడ్లు. చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. చివరి దాంట్లో అబ్బాయి పోటీలో స్వరకర్త షోపాన్ రాసిన బాలడ్ అనే పియానో కృతి వాయిస్తుంటాడు, అదే సమయంలో అమ్మాయికి ఆపరేషన్. ఆ తర్వాత ఆమె ఉత్తరం. మా అమ్మాయి దిండు తడిపేసింది. నాకైతే డాక్టర్‌గా చిరాకేసింది. ఆ పిల్ల జబ్బేమిటో పేరే చెప్పరు, కేస్‌షీట్ ఎవరూ చూపించరు. పడిపోయిన ప్రతిసారీ ‘ఏం లేదు’ అని నవ్వేస్తుంది. మా ఓపీలో అలా నవ్వేసేవాళ్లు రోజుకు నలుగురు.

కానీ మీరు వెనక్కి తిప్పి చూసినవి ఆ పిల్లవి కాదు, పిల్లాడివి. తల్లి పోయాక ఓ పోటీలో వాయిస్తూ వాయిస్తూ ఉండగా తన పియానో శబ్దం తనకే వినిపించకుండా పోతుంది వాడికి. రెండేళ్లు మళ్లీ వేదిక ఎక్కడు. ఈఎన్‌టీకి చూపిస్తే రిపోర్ట్ నార్మల్ అనే వస్తుంది, చెవులకు ఏమీ కాలేదు. తండ్రి పోయి 14 నెలలైనా కంట తడిపెట్టని మీరు సరిగ్గా ఆ సీన్లే మూడు నాలుగుసార్లు చూశారు. రాళ్లు సీన్లు వెనక్కి తిప్పుకోవు. ఏడాది దాటినా దుఃఖం ఎక్కడో బిగుసుకుపోయి ఉంటే దానికి మాటలతో చేసే చికిత్స ఉంది. డాక్టర్‌కు మాత్ర గురించి ఒక్కటే చెప్పి వచ్చేయకండి, ఆ సీన్ల సంగతి కూడా చెప్పండి. నవ్వరు.

బయట ఇంకా తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు, ఆపుతున్నాను. పాత చీటీ దొరికితే ఫోటో తీసి పంపమని ఊళ్లో అమ్మగారికి ఫోన్ చేయండి. మిగిలిన స్ట్రిప్ పారేయకుండా జేబులో పెట్టుకుని తీసుకెళ్లండి. ఆటోలో వెళ్లండి, రూమ్‌మేట్ ఒకరిని వెంటబెట్టుకుని. ఆ బాత్రూమ్‌లో అరగంట ఉన్నాయనైనా సరే.