కుక్కకున్న విశ్వాసం మీకు లేదన్నారు సరే, మరి మీ సంగతి?

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. పదకొండేళ్లు పెంచుకున్న కుక్క పోయిన నెల చనిపోయింది, ఎంత తిట్టినా తోకూపుకుంటూ గుమ్మం దాకా వచ్చేది, ఇప్పుడు మీరు ఇంటికొస్తే భార్య గానీ కొడుకు గానీ తల కూడా ఎత్తట్లేదు, దాంతో ఒకరోజు కోపమొచ్చి "కుక్కకున్న విశ్వాసం మీకు లేదు" అనేశారు, ఆ రోజు నుంచి అబ్బాయి మాట్లాడట్లేదు. దాన్ని చూసైనా వీళ్లు మంచితనం నేర్చుకోవాలంటే ఏం చెయ్యాలి అని అడిగారు.

ముందు దాని కోసం ఏడుపొస్తే ఏడ్చేయండి. కుక్కే కదా అనేవాళ్లని పట్టించుకోకండి, పదకొండేళ్లంటే మాటలా.

కానీ మీ ప్రశ్నే తిరగబడి ఉంది. స్వర్గం గుమ్మం దగ్గర పరీక్ష పెట్టింది కుక్కకి కాదు కదా, ధర్మరాజుకి.

"తప్పు చేస్తే తల దించుకునేది, మనుషులకంటే నయం" అని రాశారు చూడండి, దాని మీదే 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 14 కుక్కలతో ఒక ప్రయోగం చేశారు. ఓనర్ తినొద్దని చెప్పి బయటికెళ్తాడు, తిరిగొచ్చాక ప్రయోగం చేసేవాళ్లు తినేసిందని చెబితే తిడతాడు, కాకపోతే కొన్నిసార్లు అది అసలు ముట్టుకోకపోయినా తినేసిందనే చెప్పేవాళ్లు. తేలిందేంటంటే ఆ బిక్కమొహం తిన్నందుకు కాదు, తిట్టినందుకు వస్తోంది, పైగా ఏ తప్పూ చెయ్యకుండా తిట్లు తిన్న కుక్కే ఇంకా ఎక్కువ బిక్కమొహం వేసింది. అంటే మీరు మంచి గుణం అనుకున్నదాంట్లో కొంత మీ గొంతుకి భయం. చెప్పడానికి నాకూ బాలేదు, కానీ మీ అబ్బాయి తల ఎత్తకపోవడం కూడా అదే అయ్యుండొచ్చు.

దాని దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. కుక్కలు ఆడుకునేటప్పుడు ముందుకాళ్లు నేలకి ఆనించి వెనకభాగం పైకెత్తుతాయి, గట్టిగా కొరికే ముందో కొరికాకో ఎక్కువగా అలా చేస్తాయి, ఇది ఆటే, కోపం లేదు అని చెప్పుకోవడం. నువ్వు రెచ్చగొట్టావు కాబట్టే కొరికా అనే వివరణలు ఉండవు, అవతలిదే ముందు రావాలని మూలన కూర్చోవడం ఉండదు. మీరేమో ఇన్నాళ్లుగా వాడే వచ్చి మాట్లాడాలని కూర్చున్నారు.

ఇంకోటి, ఉత్తరం చివర్లో ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు, కాళ్లు పడిపోయాక రోజూ దాన్ని ఎత్తుకుని మెట్లు దింపింది మీ అబ్బాయి, రాత్రిళ్లు లేచి మందులేసింది మీ ఆవిడ అని. నేనైతే అక్కడే ఆగిపోయానండి. విశ్వాసం లేదన్నది వీళ్లనా?

ఇవాళే ఇద్దరి ముందూ "ఆ మాట అనకుండా ఉండాల్సింది, తప్పు నాదే" అనండి, ఇంక 'కానీ' అని మొదలుపెట్టొద్దు. తర్వాత దాని ఆఖరి రోజులు ఎలా గడిచాయో వాణ్ని అడగండి. వాడు చెప్పకపోవచ్చు, లేచి గదిలోకెళ్లి తలుపేసుకోవచ్చు కూడా. వేసుకోనివ్వండి, అరవకండి. రేపు వాడు ఇంటికొచ్చే టైంకి మాత్రం ఫోన్ పక్కన పడేసి గుమ్మం దాకా మీరు ఎదురెళ్లండి, ఎల్లుండి కూడా.