పాఠకుల ప్రశ్నలు – జవాబులు: వెనక్కి తిప్పి చూడవలసిన బొమ్మలు

2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ చిత్రం తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చిన నాటి నుంచి జపాన్ యానిమేషన్ చిత్రాలైన అనిమే గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు పెరిగాయి. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఊళ్లో జరిగిన ఒక అమ్మకాల ప్రదర్శనలో ‘డీమన్ స్లేయర్’ సీరియల్‌కు వాడిన అసలు సెల్ అని చెప్పి, ఫ్రేము కట్టిన బొమ్మ ఒకటి చూపించారు. ధర 14,000 రూపాయలు. చేజారిపోతుందేమోనన్న తొందరలో 3,000 అడ్వాన్సు ఇచ్చాను. మిగతా డబ్బు ఇచ్చేలోగా అది అసలుదో కాదో ఎలా తెలుసుకోవాలి?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మిగతా 11,000 ఇవ్వకండి, ఇచ్చిన 3,000 కూడా వెనక్కి అడగండి. ఆ బొమ్మను చూడకుండానే ఇంత గట్టిగా ఎలా చెబుతున్నామంటే, ఆ సీరియల్‌కు అసలు సెల్ అన్నదే ఉండే అవకాశం లేదు. సెల్ అంటే రంగులు వేసిన పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు. పాత పద్ధతిలో ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క రేకు చొప్పున గీసి, వాటిని నేపథ్య చిత్రం మీద పరచి, కెమెరాతో ఒక్కొక్కటిగా ఫొటో తీసేవారు. 1990ల చివర మొదలుకొని ఈ పని కంప్యూటర్లలోకి మారిపోయింది. అందరికంటే ఆలస్యంగా, 2013లో, ‘సజాయే-సాన్’ అనే సీరియల్ సెల్‌ను వదిలిపెట్టింది. ‘డీమన్ స్లేయర్’ సీరియల్ మొదలైంది 2019లో. 2002లో మొదలైన ‘నరుటో’కు కూడా రంగులు కంప్యూటర్‌లోనే వేశారు. కాబట్టి ఎవరైనా సెల్ అమ్మజూపినప్పుడు ముందుగా అడగవలసింది ధర కాదు, అది ఏ సంవత్సరపు సీరియల్ అన్నది. 1989 నుంచి 1996 వరకు వచ్చిన ‘డ్రాగన్ బాల్ జీ’కి చెందినదంటే పరీక్షించి చూడవచ్చు. మీకు చూపించింది మాత్రం ప్లాస్టిక్ రేకు మీద అచ్చు వేసిన బొమ్మ అయి ఉండాలి. దానిని అచ్చు బొమ్మగానే చెప్పి 300 రూపాయలకు అమ్మితే తప్పు పట్టవలసిన పని లేదు.

రేపు నిజంగా పాత సీరియల్ సెల్ ఒకటి మీ ముందుకు వస్తే, ఫ్రేములోంచి తీయించి వెనక్కి తిప్పి చూడండి. తీయనివ్వని వాడి దగ్గర కొనవద్దు. సెల్‌కు గీతలు ముందు వైపున, రంగులు వెనుక వైపున ఉంటాయి. పెన్సిలుతో కాగితం మీద గీసిన బొమ్మలోని గీతలను యంత్రం సాయంతో రేకు ముందు వైపుకు ఎక్కించి, ఆ తరువాత రేకును బోర్లించి వెనుక నుంచి రంగులు నింపేవారు. అందుకే ముందు నుంచి చూస్తే అద్దంలా నున్నగా, ఏ కుంచె జాడా లేకుండా కనిపించే బొమ్మ వెనుక నుంచి చూస్తే అలికిన గోడలా, రంగు ఒకచోట మందంగా, మరొకచోట పలుచగా కనిపిస్తుంది. మన చేర్యాల నకాషీలు రంగులన్నీ నింపిన తరువాత చివరగా నల్ల గీత తీసి బొమ్మకు ప్రాణం పోస్తారు. సెల్‌లో ఆ వరుస తిరగబడి, గీత ముందుగా పడి రంగు తరువాత వస్తుంది. పైగా వెనుక నుంచి వేయడం వల్ల ఒకదాని మీద ఒకటి వేసిన రంగుల్లో మొదట వేసినదే ముందు వైపు చూసేవాడికి కనిపిస్తుంది. అచ్చు బొమ్మలో ఈ తేడా ఏమీ ఉండదు. భూతద్దం పెడితే చుక్కలు కనిపిస్తాయి, వెనుక వైపు కూడా ముందులాగే నున్నగా ఉంటుంది.

చూడవలసినవి ఇంకా ఉన్నాయి. రేకు అంచున వరుసగా రంధ్రాలు ఉంటాయి. గీసేటప్పుడూ ఫొటో తీసేటప్పుడూ రేకులు పక్కకు జరగకుండా మేకులకు తగిలించడానికి చేసినవి అవి. మూలన ‘ఏ 12’, ‘బి 3’ వంటి గుర్తు చేతితో రాసి ఉంటుంది. అక్షరం ఏ పొరలో పెట్టాలో చెబుతుంది, అంకె వరుసలో ఎన్నవదో చెబుతుంది. చాలా సెల్‌లకు వెనుక పెన్సిలు బొమ్మ కాగితం అతుక్కుపోయి ఉంటుంది. దానిని బలవంతంగా పీకితే రంగు ఊడి వస్తుంది కనుక అలాగే వదిలేయాలి. పులిసిన వెనిగర్ వాసన వస్తే మాత్రం ఆ రేకు లోపలి నుంచి పాడవుతున్నదని అర్థం. అది అసలుదే కావచ్చు, కానీ ఎండాకాలంలో 44 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఇంటికి తెచ్చుకోదగినది కాదు, పక్కన పెట్టిన మంచి సెల్‌లను కూడా అది పాడు చేయగలదు. వెలుతురుకు గీతలు వెలిసిపోతాయి. కాబట్టి సెల్‌ను గోడకు వేలాడదీయాలన్న కోరిక ఉన్నవారు దాని ఫొటోను వేలాడదీసి, అసలును బీరువాలో పెట్టుకోవడం మేలు.

మీ ఉత్తరం చివర, మన కథల మీద ఇలాంటి పని ఎప్పుడైనా జరిగిందా అని కూడా అడిగారు. జరిగింది. జపాన్ దర్శకుడు యుగో సాకో మన యానిమేషన్ దర్శకుడు రామ్ మోహన్‌తో కలిసి తీసిన రామాయణ చిత్రం 1990ల తొలినాళ్లలో సెల్‌ల మీద చేతితో గీసి తయారైనదే. 2025 జనవరిలో అది తెలుగు మాటలతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. దానిలోని ఒక్క సెల్ దొరికినా ఈ జవాబు రాస్తున్న వ్యక్తి నిజామాబాద్ దాకా నడిచి వెళ్లడానికి సిద్ధం.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అనిమే దృశ్యాలను ఒగ్గు డోలు మీద సాగే మన జానపద పాటకు జోడించి నాలుగు నిమిషాల ఏఎంవీ (అనిమే మ్యూజిక్ వీడియో) చేశాను. మొదట్లో దెబ్బకు దెబ్బ సరిగ్గా పడింది, తరువాత మెల్లగా తప్పిపోయింది. దానిని యూట్యూబ్‌లో పెట్టిన గంటలోనే పాట హక్కుదారుల పేరుతో క్లెయిమ్ వచ్చింది. పాట జానపదం కదా, హక్కు ఎవరిది?
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: ముందు తాళం సంగతి చూద్దాం, ఎందుకంటే అది మీ చేతిలో ఉన్నది. మీ పాట నిమిషానికి 100 దెబ్బల వేగంలో ఉన్నదనీ, ప్రతి 14 ఫ్రేములకు ఒక కట్ వేశాననీ రాశారు (వీడియోలోని ఒక్కొక్క నిశ్చల చిత్రం ఒక ఫ్రేము, ఒక దృశ్యం నుంచి మరొక దృశ్యానికి మారడం కట్). సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో 100 దెబ్బల పాటకు ఒక్కొక్క దెబ్బ మధ్య దూరం 14.4 ఫ్రేములు. మీరు వదిలేసిన ఆ 0.4 ఫ్రేము ఒక్క దెబ్బకు కంటికి ఆనదు, కానీ 60 దెబ్బలు గడిచేసరికి 24 ఫ్రేములు, అంటే నిండా ఒక సెకను తేడా వస్తుంది. నిమిషానికి 80, 90, 96, 120 దెబ్బల పాటలకు ఈ బాధ లేదు, వాటికి వరుసగా 18, 16, 15, 12 ఫ్రేములు కచ్చితంగా సరిపోతాయి. అయితే అసలు చిక్కు లెక్కలో లేదు. ఒగ్గు డోలు యంత్రం కాదు. వాయించేవారు పాట ఊపు అందుకున్న కొద్దీ వేగం పెంచుతారు, దానిలోని అందమే అది. అటువంటి పాటకు సమాన దూరంలో కట్‌లు వేయడం మానుకుని, పాటను వింటూ ప్రతి దెబ్బకు మీట నొక్కి గుర్తులు పెట్టుకుని, ఆ గుర్తుల మీద కత్తిరించండి. డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత కూర్పులోనూ ఇది చేయవచ్చు.

ఇంకొక మాట. ప్రతి దెబ్బకూ కట్ వేయాలన్న నియమం ఎక్కడా లేదు. కట్ మాత్రమే కాక, దృశ్యంలోని కదలిక కూడా దెబ్బ మీద పడవచ్చు. కత్తి దిగే క్షణం, తలుపు మూసుకునే క్షణం, కన్ను తెరిచే క్షణం డోలు దెబ్బతో కలిస్తే చూసేవాడి ఒళ్లు జలదరిస్తుంది. మీరు పంపిన దానిలో వాన కురిసే చోట ఒక్క కట్ కూడా లేకుండా 11 సెకన్లు వదిలారు, మొత్తంలో బాగున్నది అదే. పాత్ర పాట పాడుతున్నట్లు చూపించాలనుకున్నా మన భాష అనుకూలమైనది. జపాన్ వారి పొదుపైన పద్ధతిలో మాట్లాడే నోటికి మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది అని మూడు బొమ్మలతోనే సరిపెడతారు. జపనీస్ మాటల మాదిరిగానే తెలుగు మాటలు కూడా ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి ఆ మూడు నోళ్లు తెలుగు పాటకు ఇట్టే కుదురుతాయి.

ఈ పని కంప్యూటర్లతో పుట్టినది కాదు. 1982లో అమెరికాలో జిమ్ కపోస్తాస్ అనే కళాశాల విద్యార్థి రెండు వీసీఆర్‌లను ఒకదానికొకటి తగిలించి, ఒక అంతరిక్ష నౌక సీరియల్‌లోని యుద్ధ దృశ్యాలను ప్రేమను గురించిన పాటకు జోడించాడు. తొలి ఏఎంవీగా దానినే చెబుతారు. అటువంటి రెండు పెట్టెలతో హనుమకొండలో పెళ్లి క్యాసెట్లు కూర్చిన అనుభవం నాకు ఉన్నది. ఒక కట్ తప్పితే అక్కడి నుంచి మళ్లీ మొదలు పెట్టవలసి వచ్చేది, ఒక టేపు నుంచి మరొక టేపుకు ఎక్కించిన కొద్దీ పెళ్లికూతురి చీర రంగు వెలిసిపోయేది.

ఇక హక్కుల సంగతి. ఎవరు కట్టారో తెలియని, తరాలుగా పాడుతున్న పాట మాటలకు హక్కుదారు లేకపోవచ్చు. కానీ మీరు వాడిన రికార్డింగు ఒకరు డబ్బు పెట్టి చేయించినది, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు విడుదలైన తరువాత 60 సంవత్సరాలు దాని మీద హక్కు ఉంటుంది. ‘డబ్బు కోసం చేయలేదు’ అని కింద రాసినంత మాత్రాన హక్కు పుట్టదు. ఆ చట్టంలోని 52వ సెక్షను సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వార్తలకు కొంత వెసులుబాటు ఇస్తుంది. ఇష్టంతో దృశ్యాన్నీ పాటనూ జోడించడం గురించి అక్కడ ప్రత్యేకంగా ఏమీ లేదు. మీకు వచ్చింది క్లెయిమ్ మాత్రమే, స్ట్రైక్ కాదు. యూట్యూబ్ 2007లో తెచ్చిన కంటెంట్ ఐడీ పాటను తనంతట తానే పోల్చి పట్టుకుంటుంది. చాలా సందర్భాలలో ప్రకటనల ఆదాయం హక్కుదారుకు పోతుంది, కొన్నిసార్లు వీడియో ఆగిపోతుంది. స్ట్రైక్ అంటే హక్కుదారు తొలగించమని కోరడం, 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది. పాట చిక్కు తీర్చుకోవాలంటే దగ్గరలోని ఒగ్గు కళాకారులను కలిసి, తగిన డబ్బు ఇచ్చి, వారి సమ్మతితో మీరే రికార్డు చేసుకోండి. పేర్లు వీడియో మొదట్లో వేయండి, చివర వేస్తే ఎవరూ చూడరు. దృశ్యాల హక్కు అప్పటికీ స్టూడియోదే. ఆ భారం మాత్రం ఏఎంవీ చేసేవారందరి మీదా ఉన్నదే.

ప్రశ్న: దుబాయ్‌లో ఉన్న మా బావ ఫిగర్లు (అనిమే పాత్రల ప్లాస్టిక్ బొమ్మలు) కొని ‘గిఫ్ట్’ అని రాసి పార్సిల్ పంపిస్తానంటున్నాడు. పన్ను పడదా? ఇక్కడ 900 రూపాయలకు దొరికేవి అసలువేనా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, జగిత్యాల

జవాబు: పడుతుంది. విదేశాల నుంచి వచ్చే కానుకలకు ఉన్న మినహాయింపును 2019 డిసెంబరులో తీసేశారు, రాఖీలకూ ప్రాణరక్షక మందులకూ మాత్రం వదిలారు. వ్యాపారులు తెప్పించే ఆట వస్తువుల మీద సుంకాన్ని 2020 బడ్జెట్టులో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దుకాణంలో అసలు ఫిగరు ధర చూసి గుండె గుభేలుమనడానికి ఇదొక కారణం. బావ సెలవుకు వచ్చినప్పుడు సామానులో తెచ్చుకోవడం దారి. విమానం ఎక్కే ముందు అప్పటి పరిమితి ఎంతో కస్టమ్స్ వారి వెబ్‌సైటులో చూసుకోమనండి, రసీదు దగ్గర పెట్టుకోమనండి.

900 రూపాయలకు పెద్ద స్కేల్ ఫిగరు (పాత్రను నిర్ణీత నిష్పత్తిలో కుదించి చేసిన బొమ్మ) వస్తే అది డూప్లికేటే. ‘మేడ్ ఇన్ చైనా’ అని ఉన్నందుకు అనుమానించవద్దు, అసలువి కూడా ఎక్కువగా అక్కడే తయారవుతాయి. చర్మం నూనె రాసినట్లు మెరవడం, రెండు భాగాలు అతికిన చోట గీత లేచి ఉండడం, కనుపాప పక్కకు జరిగి ఉండడం, జపాన్ డబ్బా మీద బార్‌కోడ్ 45తో గానీ 49తో గానీ మొదలు కాకపోవడం, ‘డ్రాగన్ బాల్’ వంటి తోయే సంస్థ సీరియల్ అయితే ఆ సంస్థ మెరుపు స్టిక్కరు లేకపోవడం చూడండి. స్టిక్కరును కూడా కాపీ కొడతారు, కనుక దాని ఒక్కదాని మీద ఆధారపడకండి. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు ‘ప్రైజ్ ఫిగర్’ వెతుక్కోవడం మంచిది. జపాన్ ఆటల కేంద్రాలలో ఇనుప పంజా ఉన్న యంత్రంతో ఎత్తి గెలుచుకునే బహుమతులుగా తయారైనవి అవి. పనితనంలో ఒక మెట్టు తక్కువే అయినా అసలువి.

ప్రశ్న: మా చిన్నబిడ్డ పోగు చేసుకున్న ఫిగర్లు ఈ ఎండాకాలం చేతికి జిగురుగా అంటుకుంటున్నాయి. ఒకటి ముందుకు వంగిపోయింది. డబ్బాలలోంచి తీయకుండా ఉంచితే బాగుంటాయని తీయనివ్వలేదు.
– ఒక గృహిణి, గోదావరిఖని

జవాబు: తీయనివ్వండి. ఆ బొమ్మలు పీవీసీవి. ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి కలిపిన పదార్థం వేడికి పైకి ఊరుతుంది, గాలి ఆడని డబ్బాలో ఆవిరైపోయే దారి లేక ఒంటి మీదే నిలుస్తుంది. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి బ్రష్షుతో కడిగి, నీడలో ఆరబెట్టమనండి. స్పిరిట్, థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం తగిలితే బొమ్మ రంగు లేచిపోతుంది. వంగినదాన్ని, కాలు ఒక్కటే అయితే ఆ కాలును, వేడి నీటిలో రెండు నిమిషాలు ఉంచి, నిటారుగా పట్టుకుని వెంటనే చల్లని నీటిలో ముంచితే అలాగే బిగుస్తుంది. నీళ్లు మరిగేవి కాకూడదు, పని పెద్దవారి చేతుల మీదుగా జరగాలి. ఖాళీ డబ్బాలు పారేయవద్దు, తరువాత అమ్మవలసి వస్తే డబ్బా ఉన్నదానికే ధర పలుకుతుంది. వాటిని స్లాబు కింది అటక మీద కాక, మంచం కింద పెట్టుకోమనండి.