ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడమా?

ప్రశ్న: జెన్ ధ్యానం మీద ఒక అనువాద వ్యాసంలో ‘దుఃఖం పొంగినా ఉపేక్షతో కూర్చోవాలి’ అని చదివాను. ఉపేక్ష అంటే నిర్లక్ష్యం కదా? ‘ఉదాసీనంగా’ అంటే సరిపోతుందా?

సమాధానం: మీ అనుమానం సహజమే. ‘రోగాన్ని ఉపేక్షించకూడదు’ అనే కదా అంటాం. సంస్కృతంలోనూ ఆ అర్థం లేకపోలేదు. అయితే ఉప, ఈక్ష కలిసిన ఈ మాటకు దగ్గరుండి చూడటం అని కూడా అర్థం. బౌద్ధులు మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల సంతోషానికి సంతోషించడం)ల సరసన నాలుగో మనోభావంగా చెప్పే ఉపేక్ష ఈ చూడటమే. పట్టనితనం దానికి దగ్గరి శత్రువని, పైకి అలాగే కనిపిస్తుందని 5వ శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు ‘విశుద్ధిమగ్గం’ అనే గ్రంథంలో హెచ్చరించాడు. మన వాడుకలో ఆ శత్రువే పేరు కాజేసింది!

‘ఉదాసీన’ అంటే ఎడంగా కూర్చున్నవాడు. గీత 14వ అధ్యాయంలో గుణాతీతుణ్ణి ‘ఉదాసీనవదాసీనః’ అన్నారు. అందులో కూర్చోవడం ఉంది కాబట్టి నాకూ ఆశ పుట్టింది. కానీ ఈనాటి చెవికి ఉదాసీనత అంటే అధికారుల అలసత్వమే.

జెన్ అన్న పేరు మన ‘ధ్యాన’మే. చైనాలో చాన్ అయి, జపాన్‌లో జెన్ అయింది. జాజెన్ అంటే కూర్చుని చేసే ధ్యానం. 13వ శతాబ్దపు జపాన్ జెన్ గురువు దోగెన్ సంప్రదాయంలో దాన్ని ‘శికాన్‌తజా’, అంటే ఊరికే కూర్చోవడం, అంటారు. అక్కడ కోపాన్ని అణచుకోరు, దాని వెంట పోరు. ఏడుపు వస్తే రానిస్తారు, కూర్చున్నచోటు మాత్రం వదలరు. అందుకే ‘దుఃఖాన్ని దిగమింగి’ అని రాసినా తప్పే. ఈ విషయంలో తెలుగు వ్యాకరణం అనువాదకుడికి మేలే చేసింది. నాకు కోపం వచ్చింది, టెన్షన్ వచ్చింది, పోయింది అంటాం. వచ్చిపోయేది అదీ, చూస్తూ ఉన్నది నేనూ.

నన్నడిగితే ఇక్కడ ‘కుదురు’ వాడతాను. కుండ దొర్లకుండా అడుగున పెట్టే చుట్ట కుదురు. కుండలో నీళ్లు ఎంత తొణికినా దాని పని అది చేస్తుంది. ‘గుండె నిబ్బరం’లో పళ్ల బిగువున ఓర్చుకోవడం వినిపిస్తుంది, కుదురులో ఆ బిగింపు లేదు. ‘దుఃఖం పొంగినా కుదురుగా కూర్చోవాలి’ అంటే చాలు. పిల్లల్ని గదమాయించినట్టు ఉందంటారా? కొంచెం ఉంది, ఒప్పుకుంటాను. బౌద్ధ పరిభాషగా చెప్పాల్సిన చోట మాత్రం ‘ఉపేక్ష’నే ఉంచి, మొదటిసారి పక్కన ‘సమచిత్తత’ అని రాయండి.