పక్క మాస్టారు పాఠం చూస్తే అది తనిఖీ అవుతుందా?

ప్రశ్న: నర్సంపేట దగ్గరి ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. శిక్షణ తరగతుల్లో విన్నవి బాగానే ఉంటాయి కానీ బడికి తిరిగి వచ్చాక పాత పద్ధతే నడుస్తోంది. ఒకరి తరగతికి ఒకరం వెళ్లి పాఠం చూద్దామని పక్క ఊరి గణితం మాస్టారు అంటున్నారు. అది తనిఖీలా మారుతుందేమోనని వెనకాడుతున్నాను. ఏం చేయమంటారు?
— ఒక ఉపాధ్యాయురాలు, వరంగల్ జిల్లా

జవాబు: తప్పకుండా ఒప్పుకోండి. శిక్షణలో విన్నది తరగతి గదిలో నిలవకపోవడం మీ ఒక్కరి ఇబ్బంది కాదు. కొత్త పద్ధతిని వినడం, చూడడం ఒక ఎత్తు, సొంత తరగతిలో వాడుతున్నప్పుడు పక్కన తోడు ఉండడం మరో ఎత్తు అని అమెరికా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలోనే గట్టిగా చెప్పారు. ఉపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాస అవకాశాలు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటోంది. ఆ గంటలన్నీ హాలులో కూర్చుని వినడంతోనే గడిచిపోతే పిల్లలకు దక్కేది తక్కువ.

తనిఖీ అవుతుందన్న మీ భయం సహజమే. అందుకే మార్కులు వేయడం, రిజిస్టరులో రాయడం, ప్రధానోపాధ్యాయులకు నివేదించడం ఉండవని ఇద్దరూ ముందే మాట అనుకోండి. ఆ మాస్టారు ఏం చూడాలో మీరే చెప్పండి, అదీ ఒక్క విషయమే. ఉదాహరణకు ఆరో తరగతిలో విజాతి భిన్నాల కూడిక చెబుతున్నారనుకుందాం. 1/2కు 1/3 కలిపి 2/5 అని రాసే పిల్లలు ఏ బడిలోనైనా కనిపిస్తారు. నల్లబల్ల దగ్గర ఉన్న మీకు ఆ జవాబు మాత్రమే వినిపిస్తుంది. వెనక బెంచీ పక్కన కూర్చున్న వారికి, ఆ పాప లవానికి లవం, హారానికి హారం ఎలా కలిపిందో నోటుపుస్తకంలో కనిపిస్తుంది, పక్క పిల్లవాడికి ఏమని వివరిస్తోందో కూడా వినిపిస్తుంది. ఒక పరీక్షలో రెండింటికి ఒకటి, మరో పరీక్షలో మూడింటికి ఒకటి వస్తే మొత్తం ఐదింటికి రెండు అనే లెక్క పిల్లలకు అలవాటే, మార్కుల విషయంలో అది సరైనదే. పొరపాటు అక్కడి నుంచి కూడా పుట్టవచ్చని తెలిసినప్పుడు, వెంటనే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) నియమం చెప్పాలనిపించదు. ‘2/5 అంటే సగం కన్నా ఎక్కువా, తక్కువా? సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా?’ అని అడగాలని తోస్తుంది. గణితం బోధించేవారికి కావలసిన జ్ఞానంలో పెద్ద భాగం ఇటువంటిదేనని నా నమ్మకం, దాన్ని ఒంటరిగా సంపాదించుకోవడం చాలా కష్టం.

పాఠం అయిన రోజే, మధ్యాహ్న భోజన విరామంలోనైనా సరే, మాట్లాడుకోండి. ఆయన ముందుగా తాను చూసినవి, పిల్లలు అన్న మాటలు ఉన్నవున్నట్టుగా చెప్పాలి, సలహాలు మీరు అడిగాకే ఇవ్వాలి. జపాన్‌లో ఉపాధ్యాయులు కలిసి పాఠం తయారుచేసుకుని, ఒకరు బోధిస్తుంటే మిగతావారు చూసి చర్చించే ఆనవాయితీ ఎంతో కాలంగా ఉంది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే మీ స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఇంకెవరైనా ఆసక్తి చూపితే మీరూ ఆ దారిలో వెళ్లవచ్చు. పీరియడ్ల సర్దుబాటు కోసం రెండు బడుల ప్రధానోపాధ్యాయులకూ ముందే చెప్పి ఉంచండి. ఆయన తరగతికి మీరు వెళ్లినప్పుడు ఏం చూడాలో ఆయననే అడగండి.