ఫ్యాన్ పెట్టినా స్మోకర్ వేడి 225 ఫారెన్‌హీట్ దాటి 290కి ఎందుకు పోతోంది?

మీ స్మోకర్‌లో, అంటే బొగ్గు నిప్పు మీద పొగలో మాంసం గంటల తరబడి వండే పొయ్యిలో, వేడిని చూసి ఫ్యాన్‌ని నడిపే కంట్రోలర్ మార్చాలా అని అడిగారు. మార్చకండి, అది బాగానే ఉంది. ఆ ఫ్యాన్‌కి ఊదడం ఒక్కటే వచ్చు. వేడి తగ్గితే ఊదుతుంది, పెరిగితే ఆగుతుంది, అంతే. రాజుకున్న బొగ్గును చల్లార్చడం దాని చేతిలో లేదు. తిత్తి ఊదడం ఆపగానే కొలిమి చల్లబడదు కదండీ!

నాకు ఇది డాలస్‌లో ఒక పోర్క్ షోల్డర్ పాడయ్యాక తెలిసింది. సిరామిక్ కమాడోలో (మందపాటి గోడల గుడ్డు ఆకారపు పొయ్యి) ఎనిమిది పౌండ్ల ముక్క, రాత్రి పదింటికి పెట్టాను. తెల్లారేదాకా 225 ఫారెన్‌హీట్ దగ్గర కదలకుండా నిలబడింది. ఏడింటికి మా బావగారు వచ్చి, ఎలా ఉందో చూద్దామని మూతెత్తారు. అలాగే నిలబడి మాటల్లో పడ్డాం. లోపలి వేడంతా బయటికి పోయి పొయ్యి వేడిని కొలిచే ప్రోబ్ 160 చూపించింది. నిప్పు ఆరిపోతోందనుకుని ఫ్యాన్ పూర్తి వేగంతో అందుకుంది. పైనుంచి మూత తెరిచి, కిందనుంచి ఫ్యాన్ ఊదితే బొగ్గు ఊరుకుంటుందా? మూత వేసిన పది నిమిషాలకి 310. ఫ్యాన్ వెంటనే ఆగిపోయింది, కానీ అంత మందం గోడలు ఒకసారి వేడెక్కాక గంటల తరబడి వదలవు. తొమ్మిదింటికి కూడా 270 దగ్గరే ఉంది. అంచులన్నీ ఎండి పీచులయ్యాయి. రాత్రంతా లేచి లేచి చూసుకున్న మాంసం, చాలా బాధేసింది.

అప్పట్నుంచి మూత తీసేముందు ఫ్యాన్ ఆపుతాను. మూత వేసి, వేడి దానంతటది సర్దుకున్నాకే మళ్లీ ఫ్యాన్ వేస్తాను.

మీ విషయంలో నాకు పై వెంట్, అంటే మూత మీద గాలి బయటికి పోయే రంధ్రం మీదే అనుమానం. ఫ్యాన్ ఆగినా వేడి గాలి పైకి పోతూ కిందనుంచి కొత్త గాలిని లాగుతూనే ఉంటుంది. పైన బార్లా తెరిచిపెడితే ఫ్యాన్‌కి పనే ఉండదు, నిప్పు దాని ఇష్టం. నేను సన్నటి సందు మాత్రమే వదులుతాను, ఫ్యాన్ మూతి దగ్గరి రేకు కూడా సగం మూస్తాను. రెండోది, బొగ్గంతా ఒకేసారి అంటించకండి. బుట్ట నిండా అంటించని బొగ్గు పోసి, పైన ఆరేడు ఎర్రటి ముక్కలు పెడితే చాలు, నెమ్మదిగా కిందికి పాకుతుంది. ఇక్కడ దీన్ని మినియన్ పద్ధతి అంటారు, జిమ్ మినియన్ అనే ఆయన పేరు మీద. కిరసనాయిలు వాసనొచ్చే ఆ లైటర్ ఫ్లూయిడ్ మాత్రం దయచేసి పోయకండి. పన్నెండు గంటలు వండి చివరికి పెట్రోల్ బంకు వాసన తినడం అన్యాయం.

ఇంకోటి కూడా చెప్పాలి. మాంసం లోపల 160 దగ్గర గంటలకొద్దీ ఆగిపోతుంది. చాలామంది అక్కడే కంగారుపడి ఫ్యాన్‌ని 275కి పెట్టేస్తారు. పైన తడి ఆవిరవుతూ, చెమట పట్టిన ఒంటిని చల్లబరిచినట్టు ముక్కని చల్లబరుస్తోంది, అంతే. వదిలేయండి, 200 దాటాక దానంతటదే విడిపోతుంది. పొగ కోసం వేసే కట్టె కూడా ఓక్ వాడండి. మెస్కీట్ మన సర్కారు తుమ్మకి చుట్టమే, కానీ ఇంతసేపు వండితే దాని పొగ చేదెక్కుతుంది.

ముందు మాంసం లేకుండా ఖాళీ స్మోకర్‌ని ఒక మధ్యాహ్నం నడిపి చూడండి. పై వెంట్ దాదాపు మూసి, ఫ్యాన్ ఆగి ఉన్నా వేడి ఎక్కుతుంటే ఎక్కడో గాలి దూరుతున్నట్టే. మూత చుట్టూ ఉండే గ్యాస్కెట్ పట్టీ దగ్గర పొగ కారుతోందేమో చూడండి.