ఐదో కాంటూరు దగ్గర కలవండి

ఏలూరు

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. కొల్లేరు మీద వాతావరణ మార్పుల ప్రభావాన్ని అధ్యయనం చేసే బృందానికి నిన్ను సమన్వయకర్తగా నియమించారని, అందులో జలశాస్త్రం, మత్స్యశాస్త్రం, పక్షిశాస్త్రం, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం తెలిసినవారు ఒక్కొక్కరు ఉన్నారని, వీరందరి చేత ఒకే పని ఎలా చేయించాలో తోచడం లేదని రాశావు. డ్రైనేజీ శాఖలో నా ఉద్యోగమంతా కొల్లేరులోకి వచ్చే బుడమేరుకూ, అక్కడి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరుకూ మధ్యనే గడిచింది కాబట్టి, ఇలాంటి బృందాలు వచ్చి వెళ్లడం దగ్గరగా చూసినవాడిగా నాలుగు మాటలు చెబుతాను.

సాధారణంగా జరిగేది ఏమిటంటే, మొదటి సమావేశంలోనే సరస్సును సబ్జెక్టుల వారీగా పంచేసుకుంటారు. ఎవరి అధ్యాయం వారు రాస్తారు. గడువు దగ్గరపడ్డాక అన్నిటినీ ఒక అట్ట మధ్య పెట్టి, ముందొక ఉపోద్ఘాతం అతికించి, బహుళశాస్త్ర అధ్యయనం అని పేరు పెడతారు. పక్షుల అధ్యాయం రాసినవారికి నీటిమట్టాల అధ్యాయంలో ఏముందో తెలియదు. నీవు ఆ దారిన పోవద్దు. పని పంచకముందే, ఏ ఒక్కరూ ఒంటరిగా జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి ఎంచుకుని, దాన్ని అందరి చేతా ఒప్పించు. నన్నడిగితే ఆ ప్రశ్న ఇది: ఉప్పుటేరు నీటిని లాగలేని రోజుల్లో, +3, +5 కాంటూర్ల (అంటే సముద్రమట్టానికి మూడడుగులు, అయిదడుగుల ఎత్తును చూపే గీతల) మధ్య ఉన్న నేలకూ, అక్కడి చేపకూ, పక్షికీ, మనిషికీ ఏమవుతుంది?

ఈ ప్రశ్న ఎందుకో చెబుతాను. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరులతో పాటు అరవైకి పైగా డ్రెయిన్లు, కాలువలు వచ్చి పడతాయి. బయటికి పోవడానికి మాత్రం ఉన్నది ఒక్క ఉప్పుటేరే. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరుగుతూ సముద్రానికి చేరుతుంది. దాని వాలు అతి స్వల్పం, పైగా పోటు సమయంలో సముద్రం ఎదురుతన్నుతుంది. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగిందని, 2006 తరవాత ఆ పెరుగుదల ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున సాగిందని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం) ఆరో నివేదిక చెబుతోంది. కొండప్రాంతపు నదికి ఈ అంకెలు లెక్కలోకి రాకపోవచ్చు గానీ, అడుగుల తేడాతో బతికే ఉప్పుటేరుకు ప్రతి సెంటీమీటరూ లెక్కే. పైనుంచి వచ్చే నీటి సంగతి 2024 సెప్టెంబరులో అందరూ చూశారు. బుడమేరు వరదను వెలగలేరు దగ్గర నుంచి కృష్ణలోకి మళ్లించే కాలువకు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుండడంతో మళ్లించిన నీటికి కూడా దారి లేకపోయింది. టీవీలు విజయవాడ దగ్గరే ఆగిపోయాయి. బుడమేరు ఆగలేదు, తన పాత దారిన కొల్లేరుకే వచ్చింది.

ఇక కాంటూరు విషయం కొంచెం నిదానంగా చదువు, ఎందుకంటే మీ బృందం దెబ్బతినేదీ నిలబడేదీ ఇక్కడే. 1999లో +5 కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్సర్ ఒప్పందం కింద గుర్తించిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. న్యాయశాస్త్రం తెలిసినవారు మొదటి అంకెతో, పర్యావరణం రాసేవారు రెండో అంకెతో లెక్కలు కడితే చివరికి రెండూ కలవవు. ఇది చాలదన్నట్టు, 2022లో ఏలూరు జిల్లా ఏర్పడే దాకా సరస్సు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య చీలి ఉండేది కనుక, అంతకు ముందరి చేపల దిగుబడులు, సాగు లెక్కలు రెండు జిల్లాల పుస్తకాల్లో వేర్వేరుగా ఉంటాయి. పాత లెక్కలన్నీ జిల్లాల వారీగా వద్దు, మండలాల వారీగా తీయించు. ఏ పటం మీద, ఏ హద్దు లోపల పని చేస్తున్నారో మొదటి వారంలోనే రాసుకుని అందరి చేతా సంతకాలు పెట్టించు. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ.

కాంటూరు అడుగుల్లో ఉంటుంది, మీవాళ్లు మీటర్లలో ఆలోచిస్తారు. +3కూ +5కూ మధ్య ఉన్న తేడా రెండడుగులు, అంటే సుమారు 61 సెంటీమీటర్లు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం వంటి, అంతరిక్షం నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల పటాల్లో పొరపాటే మీటర్లలో ఉంటుంది. అలాంటి పటం మీద ఐదో కాంటూరు గీసి, రంగులు నింపి, ఇన్ని వేల ఎకరాలు మునుగుతాయని చెప్పేవారిని నమ్మవద్దు. సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కు (ఎత్తు కచ్చితంగా తెలిసిన గుర్తు) నుంచి లెవెలింగ్ పరికరంతో గట్టు గట్టుకూ నడిచి లెవెళ్లు, అంటే నేల ఎత్తులు, తీయవలసిందే. ఏళ్ల తరబడి పూడిక పేరుకుని అడుగు లేచింది కాబట్టి, పాత రికార్డుల్లోని గీతకూ నేటి నేలకూ కూడా తేడా వచ్చి ఉంటుంది. ఉపగ్రహ చిత్రాలదీ ఇదే తంతు. చేపల చెరువూ సరస్సూ రెండూ వాటికి నీరే. నీటి విస్తీర్ణం తగ్గలేదని చిత్రం చూపించవచ్చు. కానీ అందులో ఎంత భాగం గట్లు కట్టి బంధించిన నీరో, ఎంత భాగం వరదను తనలోకి తీసుకోగల నీరో నేల మీద తిరిగితేనే తేలుతుంది. చిత్రాలు వద్దని అనడం లేదు. ఎక్కడికి నడవాలో చెప్పడానికి అవి బాగా పనికివస్తాయి.

అందరినీ కలిపి కనీసం ఒక్కసారి తెల్లవారకముందే చేపల చెరువు గట్టు మీదికి తీసుకువెళ్లు. మబ్బు పట్టిన వేసవి రాత్రి తరవాత అయితే మరీ మంచిది. శీలావతి, బొచ్చె చేపలు నీటి పైపైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటూ ఉంటాయి. రైతు ఇంజను వేయించి నీటిని తిరగతోడిస్తూ, గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. మేతగా వేసిన తవుడు, చెక్క, ఎరువులు కుళ్లి నీటిలో పాకుడు పెరుగుతుంది. అది పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తానే పీలుస్తుంది కనుక తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. టిఫిన్ చేసి పదకొండు గంటలకు వచ్చి శాంపిల్ తీసేవారికి ఆ చెరువు నిక్షేపంలా కనిపిస్తుంది. వేడెక్కిన నీరు ప్రాణవాయువును తక్కువగా పట్టి ఉంచుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. రాత్రి ఉష్ణోగ్రతలు పెరిగే కొద్దీ ఆ తెల్లవారుజాము గండం ఎక్కువవుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, పట్టుబడి తొందరపడి ముందే చేస్తారు, ఆ మురుగునీరు డ్రెయిన్ల గుండా సరస్సులోకి వస్తుంది. మత్స్యశాస్త్రం, వాతావరణం, ఆర్థికం, కాలుష్యం అన్నీ ఆ గట్టు మీదే నిలబడి ఉన్నాయి. సెమినార్ హాలులో నీవు పదిసార్లు చెప్పినా ఎక్కని విషయం అక్కడ ఒక గంటలో ఎక్కుతుంది.

పక్షుల గురించి ఒక్క హెచ్చరిక. ఆటపాకలో అటవీశాఖ ఏర్పాటు చేసిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టుకుని పిల్లలను లేపుతున్నాయి కాబట్టి కొల్లేరుకు ఢోకా లేదని కొందరు రాస్తారు. గూడబాతుకు చేపలు దొరికితే చాలు, లోతైన నీరైనా సరే. ఉల్లంకి పిట్టల వంటివాటికి కాలి మడమ మునిగేటంత నీరే కావాలి, అలాంటి పల్చని నీరు ఉండే అంచులే ముందుగా చెరువులయ్యాయి. అందువల్ల జనవరిలో జరిగే నీటిపక్షుల గణన అంకెలు తీసుకునేటప్పుడు, ఆ వారం ఏ లెవెల్ దగ్గర ఎంత నీరుందో పక్క గడిలో రాయించు. నిజానికి ఈ నియమం అందరికీ పెట్టు. చేప, పక్షి, ధర, కౌలు, ఏ అంకె రాసినా తేదీ, నీటిమట్టం దాని పక్కన ఉండాలి. ఆ రెండు గళ్లే తరవాత మీ అయిదుగురినీ కలుపుతాయి.

న్యాయం చదివినవారిని చివర్లో పిలిచే అలవాటు ఉంది. వారిని మొదటి రోజే తీసుకురా. అభయారణ్యం లోపల ప్రభుత్వ భూమి ఉంది, జిరాయితీ (సొంత భూమి) ఉంది, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-ఫారం పట్టాలున్నాయి. సరస్సులోని లంక గ్రామాల సంఘాల పేరు మీద ఉన్న చెరువును ఎక్కడో ఉన్న పెట్టుబడిదారు కౌలుకు నడపడమూ ఉంది. చెరువుకు నష్టం వస్తే ఎవరికి వచ్చినట్టు అన్నది ఈ చిక్కుముడి విప్పకుండా మీ ఆర్థికవేత్త చెప్పలేరు. 2006లో ఆపరేషన్ కొల్లేరు కింద ప్రభుత్వం చేపల చెరువుల గట్లను పేల్చివేసిన సంగతి లంకల్లో ఎవరూ మరిచిపోలేదు. తరవాత అభయారణ్యం హద్దును +5 నుంచి +3 కాంటూరుకు తగ్గించాలని రాష్ట్ర శాసనసభ తీర్మానం చేయడమూ, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోకపోవడమూ జరిగాయి. లెవెలింగ్ స్టాఫ్ (ఎత్తులు కొలిచే కర్ర) పట్టుకుని కొత్తవారెవరైనా ఊళ్లోకి వస్తే, మళ్లీ గట్లు కొట్టడానికే వచ్చారని జనం భయపడతారు. అది అకారణ భయం కాదు. ప్రభుత్వ జీపుల్లో వెళ్లవద్దు. మావులు పెట్టి, దోనె మీద తిరిగి చేపలు పట్టిన పెద్దవాళ్లతో ముందు మాట్లాడండి; కిక్కిస గడ్డి ఎక్కడిదాకా ఉండేదో, ఏ నెలలో ఉప్పునీరు ఎంత దూరం ఎగదన్నేదో వారికి ఊరి పేర్లతో సహా గుర్తుంటుంది. చేపలు ఒలిచే ఆడవాళ్లనూ, కూలికి వలలు లాగేవారినీ విడిగా కలవండి, యజమాని ఎదురుగా వారు నోరు విప్పరు. మీకు తెలిసిందంతా ఏటా ఒకసారి తెలుగులో రాసి వారి ముందు చదవండి. తప్పులు వారే దిద్దుతారు.

బృందంలో తగవులు వస్తాయి. అప్పుడు ఒక పని చేయించు. ఒకరు కనుక్కున్నదాన్ని మరొక శాస్త్రం వారు తమ మాటల్లో రాసి, కనుక్కున్నవారి చేత సరే అనిపించుకోవాలి. వ్యాసాల మీద పేర్ల వరుస కూడా మొదట్లోనే తేల్చుకోండి, ఆ పేచీ వల్ల విడిపోయిన బృందాలను చూశాను.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. కొల్లేరు కష్టాలన్నిటినీ వాతావరణ మార్పు ఖాతాలో వేయవద్దు. ఉప్పుటేరును పూడిక, గుర్రపుడెక్క, ఆక్రమణలు బిగించాయి, సరస్సు కడుపును గట్లు కోశాయి. ఇవి మనుషులు ఇక్కడే చేసిన పనులు, ఇక్కడే దిద్దవచ్చు. నేరమంతా ఆకాశం మీదికి నెడితే గట్టు వేసినవాడు హాయిగా తప్పుకుంటాడు. అలాగని గట్ల మీదికే నెట్టి, పాత వర్షాల లెక్కతో కాలువ వెడల్పు నిర్ణయిస్తే మరో 2024 వచ్చినప్పుడు అదీ చాలదు. గట్లు లేకుంటే వరద ఎంత దిగేది, గట్లుండి సముద్రం మరో అరడుగు లేస్తే ఎంత నిలుస్తుంది అని రెండు లెక్కలూ విడివిడిగా కట్టించి, ఒకే పుటలో పక్కపక్కన పెట్టించు. నివేదికలో అధికారులు చదివేది బహుశా ఆ ఒక్క పుటే.

తొలకరికి ముందే లెవెళ్ల పని ముగించాలి. వానలు పడ్డాక గట్ల మీద కాలు నిలవదు. మే మొదట్లో వస్తే, లెవెలింగ్‌లో చేయి తిరిగిన పాత సహోద్యోగులు ఇద్దరిని పరిచయం చేస్తాను. రిటైరైనవాళ్లు కదా అని ఉచితంగా తిప్పుకోవాలని చూడకు. వారి బత్తెం, దోనె అద్దె, ఉప్పుటేరులో పాతించవలసిన, నీటిమట్టం కొలిచే రెండు స్టాఫ్ గేజీల ఖర్చు బడ్జెట్‌లో ఇప్పుడే చూపించు. తరవాత అడిగితే మీ ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు.

ఆశీస్సులతో,
పెదనాన్న