తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్ దాకా పాత కార్ల టూర్: ఏర్పాట్లు, ఇంకో కారు కొనేటప్పుడు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది: తిరుపతిలో ఏడుగురు మిత్రులు, రెండు ఫియట్లు, మూడు అంబాసిడర్లు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్, ఒక విల్లీస్ జీపు. రెండు రోజుల్లో కాణిపాకం, హార్స్‌లీ హిల్స్ చూసుకుని, చివర్లో తిరుమల కొండెక్కి ముగించాలి. పనిలో పనిగా ఇంకో పాత ఫియట్ కొనాలి, ఏం చూడాలి?

ముందు రెండు మార్పులు చేసుకోండి. రెండు రోజులు కాదు, మూడు పెట్టుకోండి. తిరుమల కొండకు పాత కార్లు వద్దు. దిగేటప్పుడు వాడే మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, వెనక జీపులు, బస్సులు తరుముతుంటాయి, వేడెక్కిన కారును పక్కకు తీసి ఆపుకునే చోటు దొరకదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న కార్లు వరసగా అందులో దిగడం అనవసరమైన తలనొప్పి. కార్లు కింద పెట్టి, అలిపిరిలో బస్సెక్కండి. ఓపికుంటే శ్రీవారి మెట్టు నడవండి.

టూర్‌ను మీ అందరిలో బాగా ఉన్న కారును బట్టి కాదు, బాగా నీరసంగా ఉన్న కారును బట్టి వేసుకోవాలి. మీ లెక్కలో అది హెరాల్డో, ఏదో ఒక ఫియటో అయ్యుంటుంది. అది 50 కిలోమీటర్ల వేగంతో హాయిగా పోతే అందరి వేగమూ అదే. రోజుకు 120, 150 కిలోమీటర్లు మించకుండా చూసుకోండి. మొదటి రోజు తిరుపతి, చంద్రగిరి, గాదంకి, పూతలపట్టు, కాణిపాకం, చిత్తూరులో బస: సుమారు 80 కిలోమీటర్లు. చంద్రగిరి కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు, కాబట్టి ఆ రోజు బయల్దేరొద్దు. రెండో రోజు బంగారుపాళెం, మొగిలి ఘాట్, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్: సుమారు 125. మూడో రోజు వాయల్పాడు, పీలేరు, భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతి: సుమారు 145. మొత్తం 350 కిలోమీటర్లు. ఈ దారిలో అంబాసిడర్‌కు 40 లీటర్ల పెట్రోలు లెక్కేసుకోండి, మిగిలితే మంచిదే.

తేదీలు సంక్రాంతి రద్దీ తగ్గినప్పటి నుంచి ఫిబ్రవరి ఆఖరు లోపల. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. జూన్, జులైల్లో తోతాపురి కాయ లోడుతో ట్రాక్టర్లు దామలచెరువు మార్కెట్టు దగ్గరా, గుజ్జు ఫ్యాక్టరీల దగ్గరా బారులు తీరతాయి. ఆ లైన్లో ఇరుక్కుంటే ఫియట్ వేడి మీటరు ముల్లు ఎర్రగీత దాటడానికి పది నిమిషాలు చాలు. తిరుపతిలో రథసప్తమి రద్దీ అయిపోయిందో లేదో చూసుకోండి. పలమనేరు వైపు చలికాలం తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది, అందుకని రెండో రోజు ఏడు తర్వాతే కదలండి.

ఇక కార్ల సంగతి. నెల ముందు నుంచే మొదలుపెట్టాలి. టూర్‌కు ముందు వారం చేసిన రిపేరే దారిలో మళ్లీ ఊడుతుంది. కొత్తగా వేసిన ప్రతిదానికీ కనీసం 100 కిలోమీటర్లు లోకల్‌లో తిప్పి పరీక్ష పెట్టండి.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటితే మార్చేయండి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఘాట్‌లో డ్రమ్ములు కాగినప్పుడు ఆ నీరు ఆవిరై పెడల్ స్పాంజిలా దిగిపోతుంది. భాకరాపేట ఘాట్ మూడో రోజు మీకు దిగుడు వైపు వస్తుంది, అది పగటి పూటే దాటాలి. దిగేటప్పుడు సూత్రం ఒకటే: ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి, అంటే ఎక్కువ భాగం సెకండ్. బ్రేకు గట్టిగా ఒకసారి నొక్కి వదలాలి, కాలు దాని మీదే పెట్టుకుని జారుకుంటూ రాకూడదు. హెరాల్డ్ నడిపేవారికి ఇంకో మాట: దాని వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి. మలుపులో ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం పైకి లేచి చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి.

వేడి విషయంలో ఫియట్, అంబాసిడర్ ఒకటి కాదు. అంబాసిడర్ హెడ్ పోత ఇనుముది, కాస్త ఓర్చుకుంటుంది. ఫియట్ హెడ్ అల్యూమినియం, ఒక్కసారి బాగా కాగితే వంగి గ్యాస్కెట్ పోతుంది. అందుకని మొగిలి ఎక్కుడులో ముల్లు పైకి పోతుంటే నీడ చూసి ఆపండి. ఇంజన్ వెంటనే ఆపకుండా రెండు నిమిషాలు ఐడిల్‌లో తిరగనివ్వండి, నీళ్లు ప్రవహిస్తూ ఉంటాయి. ఆపాక అరగంట రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. కాగిన బ్లాకులో చన్నీళ్లు పోస్తే పగులు పట్టే ప్రమాదం ఉంది. ఏదో ఒక కారుకు ఎవరో ఒకరు పోస్తారు, ముందే చెప్పిపెట్టండి.

మన దగ్గర ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వేపర్ లాక్. లక్షణం ఇలా ఉంటుంది: కారు బాగా వచ్చింది, టీకి ఆపారు, పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే పట్టుకుంటుంది, వంద గజాలు పోయి దగ్గి ఆగిపోతుంది. మెకానిక్కులు ఏసీ పంపు అనే పెట్రోల్ పంపు ఇంజన్ పక్కనే ఉంటుంది. కదులుతున్నంత సేపు గాలి తగులుతుంది. ఆగాక ఇంజన్ వేడి దానికెక్కి పైపులో పెట్రోలు ఆవిరవుతుంది. కార్బురేటర్, ప్లగ్గులు విప్పడం మొదలుపెట్టొద్దు. బానెట్ ఎత్తి, తడి గుడ్డ పంపు చుట్టూ కట్టి, పదిహేను నిమిషాలు ఆగితే చాలు. ఆపిన ప్రతిసారీ బానెట్ ఎత్తి ఉంచితే సగం రోగం రాదు. ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది, పంపు డయాఫ్రం గట్టిపడి చీలుతుంది. పైపులన్నీ మీద ఆర్9 అని అచ్చు ఉన్నవి వేయించండి. డయాఫ్రం కిట్టు ఒకటి స్పేర్ ఉంచుకోండి. టూర్ అయిపోయాక ట్యాంకులో ఈ పెట్రోలుతో నెలల తరబడి కారు పక్కన పెట్టేస్తే నీరు చేరి అడుగు తుప్పు పడుతుంది.

ఇగ్నిషన్‌లో అంబాసిడర్ పాయింట్ల గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మి.మీ., ప్లగ్గులకు 25 థౌ. పోయేది సాధారణంగా కండెన్సర్. చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, వేడెక్కితే మొరాయిస్తుంది, పాయింట్ల దగ్గర నీలం నిప్పురవ్వలు ఎక్కువ కనిపిస్తాయి. కార్బురేటర్ దోషం అనుకుని గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. హార్స్‌లీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లు, అక్కడ కారు కాస్త నీరసంగా లాగడం మామూలే. కార్బురేటర్ మరలు తిప్పకండి, కింద దిగాక అవే మీకు ఎదురు తిరుగుతాయి.

టైర్లకు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్లు దాటితే గాడులు నిండుగా ఉన్నా మార్చాల్సిందే. ఫియట్‌కు 5.20-14, అంబాసిడర్‌కు 5.90-15. ఒకే యాక్సిల్ మీద నైలాన్, రేడియల్ కలపొద్దు.

వెనక ఒక మామూలు బొలేరో రావాలి, అందులో మెకానిక్. 40 లీటర్ల నీళ్లు, లాగడానికి తాడు కాదు ఇనప రాడ్డు (బ్రేకు బలహీనమైన కారును తాడుతో లాగితే ముందు కారు వెనకనే గుద్దుతుంది), ప్రతి మోడల్‌కూ ఫ్యాన్ బెల్ట్, కండెన్సర్, రోటర్, పాయింట్లు, ట్యూబు. ఒక్కో కారుకు రెండు చెక్క ముక్కలు, చక్రాల కింద పెట్టడానికి. కొండ మీద హ్యాండ్ బ్రేకును నమ్ముకుని నిద్రపోలేరు.

ఏడు కార్లు ఒకదాని వెనక ఒకటి పోకూడదు. లారీ ఓవర్‌టేక్ చేయలేక మధ్యలో దూరుతుంది, ప్రమాదం అక్కడే. రెండేసి కార్లుగా మూడు నిమిషాల తేడాతో వదలండి. నీరసంగా ఉన్న కారే ముందు. ఘాట్లలో సిగ్నల్ పోతుంది, కాబట్టి దారి కాగితం అచ్చు వేసి అందరికీ ఇవ్వండి. పాత కార్ల మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి. కిలోమీటర్లు కాదు, గుడి, పెట్రోలు బంకు, రైల్వే గేటు లాంటి గుర్తులు రాయండి. డైనమో ఉన్న కార్లు ఐడిల్‌లో చార్జింగ్ చేయవు, లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. సాయంత్రం ఐదున్నరకు బసలో ఉండాలి. హార్స్‌లీ హిల్స్‌లో టూరిజం వాళ్ల హరిత ఉంది. గదుల కంటే ముందు చదునైన పార్కింగ్ గురించి అడగండి.

డబ్బు: పెట్రోలు ఎవరిది వారిది. బొలేరో ఖర్చు, మెకానిక్ కూలి, భోజనాలు ఏడు భాగాలు. అడ్వాన్సు రెండు వారాల ముందే వసూలు చేయండి, చివరి రోజు రాలేమనే మనిషి ప్రతి జట్టులోనూ ఉంటాడు. ఫాస్టాగ్ లేని కారు టోల్ దగ్గర ఎక్కువ కట్టాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ మూడూ చూసి గానీ పేరు రాసుకోవద్దు. అయిదేళ్లు దాటిన కారుకు ఇన్సూరెన్స్ విలువ మీరూ కంపెనీ మాట్లాడుకుని పెట్టుకునేదే. ఫొటోలు, బాగుచేయించిన బిల్లులు చూపించి రాయించుకోండి. లేకపోతే తుక్కు ధర రాస్తారు.

కొనే ఫియట్ గురించి. అందరూ ఇంజన్ చప్పుడు వింటారు, అదంత ముఖ్యం కాదు. ఫియట్, అంబాసిడర్ ఇంజన్ సామాను చెన్నై పుదుపేటలోనో, బెంగళూరు జేసీ రోడ్డులోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికితే దొరుకుతుంది. దొరకనివి గ్రిల్లు, లైట్ల చుట్టూ రింగులు, మీటరు గాజు, హారన్ రింగు, తలుపు పిడులు. అవి లేని కారు చవకైనా ఖరీదే. హెరాల్డ్ కొనాలనిపిస్తే ఇంకా జాగ్రత్త: ఇంజన్ సామాను ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవచ్చు, కానీ నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశంలో మాత్రమే తయారైంది, దాని తలుపు, అద్దం అక్కడ కూడా ఉండవు.

అయస్కాంతం మీద పలచని గుడ్డ చుట్టి తలుపుల కింద, చక్రాల పైన, బూట్ అడుగున పెట్టి చూడండి. పట్టని చోట పుట్టీయే. మ్యాట్లు ఎత్తించి, జాకీ పెట్టే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. టింకరింగ్ ఖర్చు ఇంజన్ ఖర్చును దాటేది ఇక్కడే.

కాగితాల దగ్గర, డీజిల్ ఇంజన్ ఎక్కించిన కార్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఆర్సీలో పెట్రోలు అని ఉండి కింద డీజిల్ ఉంటే వదిలేయండి. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది: ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్ 5,000. నంబరులో వీఏ వస్తుంది. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉంటే ఇవ్వరు. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు తిరగడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు, రిపేరు కోసం నడపొచ్చు. ప్రీమియర్ పద్మిని పేరు 1974లో వచ్చింది, కాబట్టి తొలి పద్మినిలు ఇప్పుడిప్పుడే ఆ వయసుకు వస్తున్నాయి. పాత నంబరు, ఆర్సీ సజీవంగా ఉన్న కారు దొరికితే దాన్నే రెన్యూవల్ చేయించుకుంటూ ఉంచుకోండి, వీఏ జోలికి పోకండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు చాసిస్ నంబరు మీద గ్రీజు తుడిచి, పలచని కాగితం పరిచి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకోండి. ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అంకె సరిచూడండి. అంకెల చుట్టూ కొత్త వెల్డింగు గానీ, మిగతా చోట లేని కొత్త పెయింటు గానీ కనిపిస్తే డబ్బు జేబులోనే ఉంచుకుని రండి.